అలకకు నేర్పు, భయానికి తోడు

కృష్ణా డెల్టా దిగువన మొవ్వ, కూచిపూడి పొరుగూళ్లు. మువ్వగోపాలుడి మీద పదాలు కట్టిన క్షేత్రయ్యది మొదటి ఊరు. భామాకలాపాన్ని అందించిన సిద్ధేంద్రయోగి పేరు నేటికీ తలుచుకునేది రెండో ఊరు. సంప్రదాయం ఇద్దరినీ పదిహేడో శతాబ్దం ప్రాంతంలోనే ఉంచుతుంది. ఇద్దరికీ పట్టిన సంగతి కూడా ఒకటే. ప్రేమించిన మనిషి మొహం తిప్పుకుంటే అవతలి మనిషి ఏమైపోతుంది, తిరిగిన మొహం మళ్లీ ఇటు తిరగాలంటే ఎవరు ఏం చెయ్యాలి? అలంకారశాస్త్రం చెప్పిన ఎనిమిది మంది నాయికల్లో కలహాంతరిత అని ఒకామె ఉంది. కోపంలో ప్రియుణ్ణి గడప దాటించి, తలుపు వేసుకున్న మరుక్షణం నుంచి కుమిలిపోయే స్త్రీ. ఆ స్థితికి పేరు పెట్టి, అభినయం కట్టి, పిల్లలకు పాఠంగా చెప్పిన ప్రాంతం ఇది. అలాంటి చోట కూడా ఇంట్లో మాటలు ఆగిపోతే ఏం చెయ్యాలో చాలామందికి తెలియదు. కొందరి ఇళ్లలో మాటలు ఆగింది అలక వల్ల. కొందరి ఇళ్లలో హడలు వల్ల. బయటినుంచి చూసేవాళ్లకు రెండూ ఒకేలా కనిపిస్తాయి. రెంటికీ ఒకే సలహా ఇవ్వడం వల్ల ఎంతో నష్టం జరుగుతోంది. అందుకే ఈ రెండింటి గురించీ మన కళ, సాహిత్యం, చట్టం, బయటి పరిశోధన ఏం చెప్పాయో ఒకచోట పెట్టి చూడాలనిపించింది.

ముందు భామాకలాపం అనే కూచిపూడి నృత్యనాటకం. సత్యభామ తెర వెనక నుంచి జడ ముందుకు వేసి, తనను మించినవాళ్లెవరన్నట్టు సవాలు చేస్తూ ప్రవేశిస్తుంది. అందం, పుట్టుక, కృష్ణుడి మీద తనకున్న చనువు అన్నీ చెప్పుకుంటుంది. చిన్న పంతం మీద మాటామాటా వచ్చి కృష్ణుడు వెళ్లిపోయాడు. ఇక మిగతా రాత్రంతా ఆ ఎడబాటే. ఇక్కడ సత్యభామ చెలికత్తె మాధవి వస్తుంది. సూత్రధారుడే మాధవి అవుతాడు, కృష్ణుడి పక్కన మాధవుడూ అతనే. సత్యభామ మొగుడి పేరు చెప్పడానికి సిగ్గుపడుతుంటే ఊరుకోదు. ఎవరు, ఏ ఊరు, ఏం జరిగింది అని గుచ్చిగుచ్చి అడుగుతుంది. నవ్విస్తుంది, వెక్కిరిస్తుంది, నిజం చెప్పేదాకా వదలదు. లేఖ పట్టుకెళ్లడానికి ఊరికే ఒప్పుకోదు, నగల కోసం బేరమాడుతుంది, ముక్కెర దాకా అడుగుతుంది. ప్రవేశదరువులో ఒంటినిండా గర్వమై నిలబడిన మనిషి లేఖ రాసే వేళకు వంచిన తలతో, వణికే వేలితో, ఒక్కో మాటా వెతుక్కుంటూ కూర్చుంటుంది. మంచి నర్తకులు ఈ మార్పును భుజాల్లో చూపిస్తారు. మొదట్లో వెనక్కి విరిచిన భుజాలు చివరికి ముందుకు వాలతాయి.

మొగుడూపెళ్లాల గొడవలు తీర్చడం ఎలాగో నేర్పే పుస్తకాలు ఇప్పుడు చాలా ఉన్నాయి. వాటిలో ఉన్న మెట్లు దాదాపు అన్నీ ఈ కలాపంలో ఉన్నాయంటే అతిశయోక్తి కాదు. కోపం కింద ఉన్నది బాధ అని ఒప్పుకోవడం, దాన్ని మూడో మనిషి ముందు పేరు పెట్టి చెప్పడం, తర్వాత నేరుగా ఆ మనిషికే రాసి అడగడం. మాధవి గొప్పతనం ఏమిటంటే ఆమె తీర్పు చెప్పదు. తప్పెవరిదో తేల్చదు. చెప్పలేకపోతున్న మనిషి చేత చెప్పిస్తుంది. మన పంచాయితీల్లో పెద్దమనుషులు చేసేది సరిగ్గా దీనికి వ్యతిరేకం. వాళ్లు తీర్పుతో మొదలుపెడతారు.

అయితే ఈ కలాపంలో నాకు మింగుడుపడని సంగతి కూడా ఒకటుంది. దిగిరావడమంతా సత్యభామ వంతే. కృష్ణుడు వస్తాడు గానీ, అలిగి వెళ్లిపోవడం తన పొరపాటు అని అనడు. వెళ్లిపోగలిగినవాడి మౌనానికీ, ఇంట్లో ఉండిపోవలసిన మనిషి మౌనానికీ ఉన్న తేడా భక్తి మాటున కప్పబడిపోతుంది. జీవాత్మ పరమాత్మల కథగా చూస్తే అది సబబే. కాపురం కథగా చూస్తే సగమే.

ఆ రెండో సగం చెప్పిన కావ్యం మనకు అంతకుముందే ఉంది. నంది తిమ్మన పారిజాతాపహరణం గురించి ఒక కథ తరతరాలుగా చెప్పుకుంటున్నారు. శ్రీకృష్ణదేవరాయలు రాణి మీద అలిగి ఆమె అంతఃపురానికి వెళ్లడం మానేశాడట. పుట్టింటి నుంచి ఆమెతోపాటు వచ్చిన తిమ్మన ఇది చూసి, సత్యభామ కాలు తన తలకు తగిలినా కోపగించుకోని కృష్ణుడి కథ రాసి రాజుకు వినిపించాడట. చరిత్రగా దీనికి రుజువు లేదు, కానీ తెలుగువాళ్లు ఈ కథను ఇన్నాళ్లు మోసుకురావడమే నాకు విలువైన సాక్ష్యం. అధికారం ఉన్నవాడు మొహం చాటేస్తే అది అలక కాదనీ, శిక్ష అనీ, ముందు దిగిరావలసింది అతనే అనీ మన వాళ్లకు తెలుసు. కైకేయి కోపగృహం సంగతీ అంతే. నేల మీద పడుకుని మాటాడకుండా ఆమె అడిగింది ఓదార్పు కాదు, రాజ్యం. తనను మళ్లీ పిలవాలని మౌనం పాటించేవాళ్లు వేరు, మౌనాన్ని అడ్డుపెట్టి కావలసింది లాగేవాళ్లు వేరు.

మన పెళ్లిళ్లలో ఈ రెండోదాన్ని వేడుకగా కూడా చేశాం. అలకపాన్పు మీద పెళ్లికొడుకు మూతి ముడుచుకుని కూర్చుంటాడు. ఉంగరమో, వాచీయో, స్కూటరో, ఈ రోజుల్లో కారో ఒప్పుకునేదాకా లేవడు. చుట్టూ నవ్వులు, కెమెరాలు. పెళ్లికూతురు తండ్రి కూడా నవ్వుతూనే ఉంటాడు, లోపల లెక్కలు వేసుకుంటూ. కట్నాన్ని 1961 చట్టం నిషేధించింది. అలకపాన్పును ఎవరూ కట్నం కింద లెక్కకట్టరు. ఇక్కడ డబ్బు కన్నా పెద్ద నష్టం ఇంకొకటుంది. మాటాడటం మానేస్తే ఎదుటివాళ్లు దిగివస్తారన్న పాఠం కాపురం మొదటిరోజే, బంధువులందరి ముందు, పట్టుబట్టల్లో నేర్పేస్తున్నాం. ఈ వేడుకను ఆపేస్తే పెళ్లికి ఏమీ లోటు రాదు.

ఇక పరిశోధన. అమెరికాలో ఆండ్రూ క్రిస్టెన్సెన్, క్రిస్టఫర్ హీవీ 1990లో ప్రచురించిన అధ్యయనం ఈ రంగంలో ఇప్పటికీ మూలస్తంభం. దంపతుల్లో ఒకరు వెంటపడి అడుగుతుంటారు, మరొకరు తప్పుకుంటుంటారు. అడిగేకొద్దీ తప్పుకుంటారు, తప్పుకునేకొద్దీ గట్టిగా అడుగుతారు. భార్య మార్పు కోరుకున్న విషయం మాట్లాడుకున్నప్పుడు ఆమె వెంటపడటం, అతను తప్పుకోవడం ఎక్కువ కనిపించింది. భర్త మార్పు కోరుకున్న విషయంలో ఆ తేడా దాదాపు లేకుండా పోయింది. అంటే ఇది ఆడ స్వభావం, మగ స్వభావం అని తేల్చేసే వ్యవహారం కాదు. ఉన్నదున్నట్టు ఉంటే ఎవరికి లాభమో వాళ్లకు మాట అక్కర్లేదు. పనంతా ఒక మనిషి మీదే పడే ఇంట్లో, ఆ పని గురించి మాట్లాడదామంటే మిగతావాళ్లకు నిద్ర ఎందుకొస్తుందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

జాన్ గాట్‌మన్, రాబర్ట్ లెవెన్‌సన్ 1980ల నుంచి దంపతులను ప్రయోగశాలలో కూర్చోబెట్టి, గొడవపడుతున్నప్పుడు వాళ్ల గుండె కొట్టుకునే వేగం సైతం కొలిచారు. కాపురాన్ని తినేసేవి నాలుగని గాట్‌మన్ చెప్పాడు: మనిషినే తప్పుపట్టడం, చులకన చెయ్యడం, ప్రతిదానికీ ఎదురు సమర్థించుకోవడం, రాయిలా కూర్చోవడం. చులకన అన్నిటికన్నా ప్రమాదం. రాయిలా కూర్చున్న మనిషి లోపల రాయిలా లేడన్నది నాకు ఈ పరిశోధనలో అన్నిటికన్నా పనికొచ్చిన విషయం. గుండె నిమిషానికి వందసార్లకు మించి కొట్టుకుంటూ ఉంటుంది, చెవికి మాట ఎక్కదు, తప్పించుకోవడం తప్ప ఇంకోటి తోచదు. అప్పుడు నిలదీసి లాభం లేదు. కనీసం ఇరవై నిమిషాలు విడిగా ఉండాలి, ఆ ఇరవై నిమిషాలూ లోపల వాదన పేర్చుకోకుండా ఉండాలి. విడాకులు ఎవరు తీసుకుంటారో ముందే తొంభై శాతానికి పైగా కచ్చితంగా చెప్పగలమన్న గాట్‌మన్ ప్రచారాన్ని మాత్రం తోటి పరిశోధకులు గట్టిగా ప్రశ్నించారు, సరైన పనే చేశారు. ఇరవై నిమిషాల సలహాకు దానివల్ల వచ్చిన లోటేమీ లేదు.

కెనడాలో స్యూ జాన్సన్, లెస్లీ గ్రీన్‌బర్గ్ 1980లలో రూపొందించిన చికిత్సా పద్ధతి ఇంకొంచెం లోతుకు దిగింది. పసిపిల్లలకు తల్లి దగ్గర ఉండే భరోసా గురించి జాన్ బౌల్బీ, మేరీ ఎయిన్స్‌వర్త్ చెప్పిన సంగతులను పెద్దవాళ్ల కాపురానికి అన్వయించారు. వెంటపడే మనిషి లోపల అడిగేది ‘నేను నీకు కావాలా?’ అని. తప్పుకునే మనిషి లోపల అనుకునేది ‘నేనేం చేసినా నీకు చాలదు’ అని. ఈ రెండు మాటలూ పైకి వస్తే సగం గొడవ తగ్గుతుంది. కూచిపూడి కళాకారులకు ఇది కొత్త సంగతి కాకపోవచ్చు, లేఖ ఘట్టంలో సత్యభామ చేసేది ఇదే.

మరి మన ఇళ్లలో ఇదంతా ఎలా ఉంటుంది? గుడివాడలోనో బందరులోనో రాత్రి ఎనిమిదింటికి ఒక ఇల్లు. టీవీ నడుస్తోంది. తండ్రి కుర్చీలో, తల్లి వంటింట్లో, మధ్యలో ఎనిమిదేళ్ల పాప. ‘అన్నం పెడుతుందేమో మీ అమ్మనడుగు.’ పాప నాలుగు అడుగులు వేస్తుంది. ‘గిన్నెలో ఉంది, పెట్టుకోమను మీ నాన్నని.’ పాప మళ్లీ నాలుగు అడుగులు. ఇద్దరి మాటా ఇద్దరికీ వినిపిస్తూనే ఉంది. పాప మాత్రం మాటలను కొంచెం మెత్తగా మార్చి చేరవేస్తుంది. ‘పెట్టుకోమను’ అన్నది ‘పెట్టుకోమంది నాన్నా’ అవుతుంది. రెండోరోజుకల్లా ఎవరి గొంతు ఎంత పెరిగితే తను ఎంత తగ్గించి చెప్పాలో తెలిసిపోతుంది. ఆ ఇంట్లో దంపతులు రాజీపడ్డాక కూడా పాప ఆ కాపలా మానదు. మాధవి పనిని పిల్లల చేత చేయించకూడదు. మాధవి బేరమాడగలదు, వెక్కిరించగలదు, కాదని వెళ్లిపోగలదు. పాపకు ఇవేవీ లేవు.

ఈ ఇంట్లో కావలసింది నేర్పే, పెద్ద విద్య కూడా కాదు. ‘నువ్వెప్పుడూ ఇంతే’ అనే బదులు ‘నిన్న డాక్టరు దగ్గరికి ఒక్కదాన్నే వెళ్లవలసి వచ్చింది, నాకు కష్టమనిపించింది’ అనడం. ‘నాతో మాట్లాడకు’ అని గదిలోకి పోయే బదులు ‘ఇప్పుడు మాట్లాడలేను, భోజనాలయ్యాక మాట్లాడతాను’ అని చెప్పి, భోజనాలయ్యాక నిజంగా రావడం. ఇందులో కష్టం రెండోదే. తప్పుకునే మనిషికి నేను చెప్పే సలహా ఒక్కటే: వెళ్లు, కానీ ఎప్పుడొస్తావో చెప్పి వెళ్లు. చెప్పిన వేళకు రెండుసార్లు తిరిగి వస్తే, మూడోసారి వెనకాల నుంచి కేకలు వినపడవు.

ముభావమంతా అలకే కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది, వేలమంది పోయారు. కళ్లెదుట పిల్లలను పోగొట్టుకున్నవాళ్లు నెలల తరబడి ముక్తసరిగా ఉంటే దానికి బంధాల నేర్పు పాఠాలు పనికిరావు. దుఃఖానికి సమయం, పక్కన ఒక మనిషి కావాలి. దిగులు జబ్బుగా ముదిరితే వైద్యం కావాలి. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ 14416కు ఫోను చేస్తే తెలుగులో మాట్లాడేవాళ్లు దొరుకుతారు.

ఇప్పుడు బెదిరింపు సంగతి. మగవాడు ఇంట్లోకి వచ్చే చెప్పుల చప్పుడుకే పిల్లలు పుస్తకాలు తెరిచే ఇళ్లున్నాయి. చెయ్యి చేసుకోనక్కర్లేదు. కంచం పక్కకు నెట్టడం చాలు, తాళాలు విసరడం చాలు, ‘మీ అన్నను రమ్మంటాను, తీసుకుపొమ్మంటాను’ అనడం చాలు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన స్త్రీలలో దాదాపు 30 శాతం, తెలంగాణలో దాదాపు 37 శాతం మంది ఎప్పుడో ఒకప్పుడు భర్త చేతిలో శారీరకంగానో లైంగికంగానో హింసకు గురైనవాళ్లు. అదే సర్వేలో రెండు రాష్ట్రాల్లోనూ సుమారు 84 శాతం స్త్రీలు ఏదో ఒక కారణానికి భర్త కొట్టడం సబబేనన్నారు. ఈ రెండో అంకె నన్ను మొదటిదానికన్నా ఎక్కువ కలవరపెట్టింది. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందన్న సామెత మన నోళ్లలో ఎందుకంత తేలిగ్గా నలుగుతుందో అది చెబుతుంది. కొట్టడం ఆ వాక్యంలో వాతావరణంలాంటిది, ఎవరూ దాన్ని అడగరు.

అమెరికన్ సమాజ శాస్త్రవేత్త మైకేల్ జాన్సన్ 1995లో ఒక విభజన చేశాడు. గొడవ ముదిరి ఇద్దరూ అదుపు తప్పడం ఒకటి, ఒక మనిషి రెండో మనిషి బతుకంతటినీ గుప్పిట్లో పెట్టుకోవడానికి బెదిరింపును క్రమంగా వాడటం వేరొకటి. ఎవన్ స్టార్క్ 2007లో రాసిన పుస్తకం ఆ రెండోదాన్ని వివరించింది. డబ్బుకు లెక్క చెప్పించడం, ఫోను చూడటం, పుట్టింటి రాకపోకలు ఆపడం, ఏం వండాలో ఏం కట్టుకోవాలో శాసించడం, అప్పుడప్పుడు మాత్రమే చెయ్యెత్తడం. ఇంగ్లండ్, వేల్స్‌లో 2015 చట్టం ఇలాంటి నియంత్రణను నేరం చేసింది. మన 2005 గృహహింస చట్టం అంతకన్నా పదేళ్ల ముందే మాటలతో, మనసుకు చేసే హింసను, డబ్బు ఆపి చేసే హింసను నిర్వచనంలో చేర్చింది. బిడ్డలు లేరని, మగబిడ్డ లేడని దెప్పడం దానిలో ఉంది. ఆమెకు కావలసినవాళ్లను కొడతానని పదేపదే బెదిరించడం కూడా ఉంది. చట్టం పుట్టి ఇరవై ఏళ్లయినా, దెబ్బ కనపడకపోతే కేసు లేదనే నమ్మకం ఊళ్లలో పోలేదు.

సర్వోన్నత న్యాయస్థానం 2007లో సమర్ ఘోష్ కేసులో మానసిక క్రూరత్వానికి కొన్ని గుర్తులు చెప్పింది. ఉత్త ముభావం, ప్రేమ చూపకపోవడం క్రూరత్వం కాదు, కానీ మోటు మాటలు, చిరాకు, నిర్లక్ష్యం కలిసి కాపురం భరించలేని స్థాయికి చేరితే అవుతుందని దాని సారాంశం. అంటే అలకకూ హింసకూ మధ్య గీత గీయడానికి న్యాయస్థానమూ ప్రయత్నించింది. ఆ గీత ఎక్కడుందో తెలుసుకోవడానికి నేను వాడే పరీక్ష ఒక్కటే. మాటాడని మనిషి మాటాడితే ఏమవుతుంది? ఇంకో గొడవ అవుతుందంటే అది అలకే, నేర్పుతో పోతుంది. దండన పడుతుందంటే అది భయం.

భయపడే మనిషికి మృదువుగా మొదలుపెట్టమని, ఎదుటివాడి బాధ వినమని నేర్పితే ఏమవుతుందో ఊహించండి. ఆమె అప్పటికే రోజంతా చేస్తున్నది అదే. అతని మొహం చూసి వాతావరణం పసిగట్టడంలో ఆమెను మించినవాళ్లు లేరు. ఇక ఆ నేర్పు కూడా ఫలించకపోతే తప్పు తనదే అనుకుంటుంది. ఇద్దరినీ ఒకేచోట కూర్చోబెట్టి చేసే కౌన్సెలింగ్‌లో ఆమె నిజం చెబితే రాత్రి ఇంట్లో లెక్క తేలుతుంది, చెప్పకపోతే కౌన్సెలర్ రాసుకునేది ‘చిన్న చిన్న మనస్పర్థలు’ అని. బంధాలు నిలబెట్టే పాఠాల మీద నాకు నమ్మకం ఉంది కాబట్టే, ఇక్కడ వాటిని వాడొద్దని గట్టిగా అంటున్నాను.

భయానికి కావలసింది తోడు. దీనికి తెలుగు నేల మీద దూబగుంటను మించిన ఉదాహరణ నాకు తెలియదు. నెల్లూరు జిల్లాలోని ఆ ఊళ్లో 1990ల మొదట్లో సాక్షరతా ఉద్యమం తరగతులకు కూలిపనులయ్యాక ఆడవాళ్లు పలకలు పట్టుకుని వెళ్లేవారు. వాచకంలో సారా గురించి పాఠం ఉంది. పాఠం చదవడం అయ్యాక మాటలు మొదలయ్యాయి. నీ మొగుడూ అంతేనా, మీ ఇంట్లోనూ ఇంతేనా. ఎవరి గోడల మధ్య వాళ్లు నోరెత్తలేని సంగతి, పదిమంది కూర్చున్నచోట అందరి సంగతి అయిపోయింది. ఆ ఊరి రోశమ్మ ముందు నడిచింది, సారా కొట్టు మూతపడింది. 1992లో ఆ మంట జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది, 1995లో పామర్రు పక్కన నిమ్మకూరులో పుట్టిన ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు. 1997లో దాన్ని సడలించారు. నిషేధం నిలిచిందా లేదా అన్నది వేరే చర్చ. ఒక్కొక్కరుగా హడలిపోయిన ఆ ఆడవాళ్లకు ధైర్యం పాఠాలు ఎవరూ చెప్పలేదు. కూర్చోవడానికి ఒక చోటు, మాట్లాడటానికి ఒక నెపం దొరికాయి, అంతే.

మాలతీ చందూర్ ఆంధ్రప్రభ వారపత్రికలో దశాబ్దాల పాటు నడిపిన ప్రమదావనం శీర్షిక కూడా అలాంటి చోటే. నూజివీడులో పుట్టిన ఆవిడకు పేర్లు దాచుకుని ఉత్తరాలు రాసిన ఇల్లాళ్లకు జవాబు ఎంత ముఖ్యమో, ఆ పేజీలో పక్కవాళ్ల ప్రశ్న చూడటమూ అంతే ముఖ్యం. రంగనాయకమ్మ జానకి విముక్తి ఇంకో అడుగు వేసి, బెదిరించే మొగుడి దగ్గర సర్దుకుపోవడం నేర్పుకాదని, బయటపడటమే దారి అని వాదించింది. ఆ నవల మీద అప్పట్లో ఇళ్లలో జరిగిన తగాదాలే దాని అవసరానికి సాక్ష్యం.

సినిమా మాత్రం వేరే మందు ఇచ్చింది. ఈ డెల్టా నుంచే వెళ్లిన రామారావు, నాగేశ్వరరావు కలిసి నటించిన గుండమ్మ కథ 1962లో వచ్చింది. సవతి కూతురిని సూర్యకాంతం పాత్ర ఎంత హడలగొడుతుందో అందరికీ తెలుసు. ఆమెకు బుద్ధి చెప్పడానికి కథ తెచ్చింది ఛాయాదేవి పాత్రను, అంటే ఇంకా పెద్ద గయ్యాళిని. హాలంతా చప్పట్లు కొట్టింది. కానీ అదే కథలో గుండమ్మను ఆదుకునేది సావిత్రి వేసిన సవతి కూతురే. గయ్యాళికి గయ్యాళిని తెచ్చిన సన్నివేశం అందరికీ గుర్తుంది, ఈ రెండోది తక్కువమందికి గుర్తుంది. ఇళ్లలోనూ అంతే. ‘వాడికి భయం చెప్పేవాళ్లు కావాలి’ అంటాం. భయం చెప్పినవాడు వెళ్లిపోయాక ఆ భయానికి కక్ష తోడై ఆమె మీదికే వస్తుంది.

సముద్రాలు దాటినా ఇదే. అమెరికాలో హెచ్‌4 వీసా మీద వెళ్లిన భార్యలకు చాలాకాలం ఉద్యోగం చేసే వీల్లేదు. 2015 మే నుంచి గ్రీన్‌కార్డు దారిలో ఉన్న కొందరి భార్యలకు మాత్రమే అనుమతి వచ్చింది. పాస్‌పోర్టు దాచేసి, ‘నీ వీసా నా చేతిలో ఉంది’ అంటే చాలు. అక్కడ అన్నా లేడు, వీధీ లేదు. న్యూజెర్సీలో 1985లో మానవి, న్యూయార్క్‌లో 1989లో సఖి వంటి సంస్థలను దక్షిణాసియా స్త్రీలు పెట్టుకున్నది ఈ ఒంటరితనం చూసే. మన ఊళ్ల నుంచి అమ్మాయిని పంపేటప్పుడు పచ్చళ్లతోపాటు ఇలాంటి ఒక ఫోను నంబరు కూడా ఇచ్చి పంపాలి.

మరి బెదిరించేవాళ్లు మారరా? అమెరికాలోని డులూత్‌లో 1980లలో మొదలైన పద్ధతి, హింస చేసిన మగవాళ్లను గుంపుగా కూర్చోబెట్టి, అధికారం ఎలా చెలాయిస్తున్నారో వాళ్ల చేతే చెప్పిస్తుంది. బెదిరింపు, ఒంటరిని చెయ్యడం, పిల్లలను అడ్డుపెట్టడం, తప్పు ఆమె మీదికి నెట్టడం వంటి ఎనిమిది ఆకులున్న చక్రం బొమ్మ అక్కడి నుంచే ప్రపంచమంతా పాకింది. ఇలాంటి కార్యక్రమాల మీద జరిగిన అధ్యయనాలను 2004లో గుదిగుచ్చి చూస్తే ఫలితం ఉంది గానీ స్వల్పమే అని తేలింది. కొందరు మారతారు. ఎవరు మారతారో ముందే చెప్పలేం గనక, అతని మార్పు కోసం ఆమె భద్రతను తాకట్టు పెట్టకూడదు.

నాకు ఆశ ఉన్నది ఇంకా చిన్న వయసులో. కూచిపూడిలో పుట్టిన ప్రతి భాగవతుల పిల్లవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని సిద్ధేంద్రుడు మాట తీసుకున్నాడని అక్కడివాళ్లు చెబుతారు. 2012లో కన్నుమూసిన వేదాంతం సత్యనారాయణశర్మ సత్యభామగా రంగం మీదికి వస్తే అది మగవాడని ప్రేక్షకులు మరిచిపోయేవారు. వేషం కట్టినంతమాత్రాన మగవాడు మంచి మొగుడైపోడు. అయినా పదేళ్ల పిల్లవాడు నెలల తరబడి ఎదురుచూడటం ఎలా ఉంటుందో, మాట రాక వేలు వణకడం ఎలా ఉంటుందో తన ఒంటితో నేర్చుకోవడం చిన్న సంగతి కాదు. ఇప్పుడు కూచిపూడి నేర్చుకునేవాళ్లలో ఎక్కువమంది ఆడపిల్లలే. వాళ్లకు రంగస్థలం దక్కడం న్యాయం. మగపిల్లలకు ఆ పాఠం తప్పిపోవడం మాత్రం నష్టం. బడుల్లో జీవన నైపుణ్యాల పేరిట పెట్టే పిరియడులో ఆడపిల్లలకు జాగ్రత్తలు చెప్పి ఊరుకుంటున్నాం. తొమ్మిదో తరగతి అబ్బాయిల చేత ఒక గొడవను రెండువైపుల నుంచీ ఆడించి చూడమనండి, అమ్మ వైపు నుంచి కూడా.

అంతదాకా అలకకు నేర్పు, భయానికి తోడు అందించే పనులు ఆగవు. రేపు ఉదయం ఎవరో ఒకరి వాకిట్లో పంచాయితీ ఉంటుంది. అక్కడ కూర్చునే పెద్దలకు, మహిళా పోలీసు స్టేషన్లలో, ఇక్కడి సఖి (వన్ స్టాప్) కేంద్రాల్లో పనిచేసేవాళ్లకు చట్టమే ఒక దారి చూపింది. గృహహింస చట్టం కింద 2006లో చేసిన నిబంధనల ప్రకారం, కౌన్సెలింగ్‌లో అవతలి మనిషి తాను చేసిన హింసకు ఎదురు సమర్థన చెప్పుకోవడానికి వీల్లేదు. ఇంకోసారి జరగదన్న హామీ తీసుకోవడం కౌన్సెలర్ బాధ్యత. ‘ఆవిడ కూడా నోరు జారిందండీ’ అన్న మాటతో మొదలయ్యే మన పంచాయితీల్లో ఈ ఒక్క నిబంధన పాటిస్తే చాలా మారుతుంది. ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టడానికి ముందు ఆమెతో విడిగా మాట్లాడాలి, అత్తగారు పక్కన లేకుండా, అన్నగారు పక్కన లేకుండా. ఇప్పుడు ఇక్కడ చెప్పినదానికి ఇంటికెళ్లాక నీకేమైనా అవుతుందా అని అడగాలి. కాదంటే రాజీ మాటలకు కూర్చోవచ్చు. అవునంటే ఆ పూట పంచాయితీ ఆపేసి, మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోను చేసి, ఆమె ఆ రాత్రి ఎక్కడ పడుకుంటుందో ముందు తేల్చాలి.